నన్ను దాటిపోయిన రొట్టె

మా వాడలో పిల్లలకు రెండేసి పేర్లుండేవి. బాప్తిస్మం నాడు పాస్టరుగారు పెట్టేది ఒకటి, ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు రాయించేది ఇంకొకటి. మొదటి పేరుతో ఇంట్లోనూ గుడిలోనూ పిలిచేవారు. చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం. రెండో పేరు బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప వినబడేది కాదు. ఆ రెండో పేరు వెతికి పెట్టేది మా ఉపదేశి, పాస్టరు లేనప్పుడు గుడిని చూసుకునే మనిషి. నాకూ ఆయనే పెట్టాడు. మా నాయనకు చదువు రాదు, ఏ పేరు రాయించారో కూడా ఆయనకు చాలా రోజులు తెలియదు.

రాప్తాడుకు మూడు మైళ్ళ దూరంలో ఉండేది మా ఊరు. శెనక్కాయ తప్ప ఇంకేమీ వేయరు, అదీ మూడేళ్ళకొకసారి చేతికొస్తే గొప్ప. నాయన, అమ్మ రెడ్ల చేలల్లో కూలికి పోయేవారు. పని లేని ఏడు కరువు పనుల్లో రాళ్ళు కొట్టేవారు. పాస్టరుగారు అనంతపురంలో ఉండేవారు. ఆయన కింద పది పన్నెండు ఊళ్ళున్నాయి కాబట్టి మా ఊరికి రెండు నెలలకొకసారి వచ్చి సంస్కారం ఇచ్చి పోయేవారు. మిగతా ఆదివారాలన్నీ ఉపదేశివే. ఆరాధన నడిపేదీ, చావు దగ్గర ప్రార్థన చేసేదీ, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చేదీ, మొగుడూ పెళ్ళాల తగవు తీర్చేదీ అన్నీ ఆయనే. వరస కాకపోయినా మేమందరం ఆయన్ను మామా అని పిలిచేవాళ్ళం.

సంస్కారమంటే ప్రభువు పట్టబడక ముందు శిష్యులతో చేసిన భోజనానికి గుర్తుగా ఇంత రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షారసం. ముందు రోజు మా అమ్మ ఎండు ద్రాక్షలు నానబెట్టి, పిసికి, బట్టలో వడగట్టి, చిన్న గిన్నెలో కాచేది. ఆ పని అమ్మకు ఎవరు అప్పగించారో తెలియదు, నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆమే చేసేది. ఇంట్లో ఆ వాసన నిండిపోయేది గానీ వేలు పెట్టి నాకడానికి లేదు. పెద్దవాళ్ళు వరసగా పోయి బల్ల ముందర మోకాళ్ళూనుతుంటే పిల్లలం చాపల మీద కూర్చుని చూసేవాళ్ళం. బల్ల ముందరి బండల మీద నాకూ ఒక చోటు ఎప్పుడొస్తుందా అని నేను ఎదురు చూసేదాన్ని.

తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో మామ మా నలుగురు పిల్లలకు పాఠం చెప్పాడు. సంస్కారం ఎవరు తీసుకోవచ్చు, ఎవరు తీసుకోకూడదు. బాప్తిస్మం పొందినవాళ్ళు, నమ్మకాన్ని సంఘం ముందర నోటితో ఒప్పుకున్నవాళ్ళు తీసుకోవచ్చు. ఎవరితోనైనా పగ ఉంటే ముందు పోయి సమాధానపడి రావాలి. దాచిపెట్టిన పాపం ఉంటే చెప్పుకోవాలి. ఇవన్నీ మా చేత వల్లె వేయించాడు. అంతకు ముందు ఒకసారి, జాతరలో పొట్టేలును కోశాడని మా వాడలో ఒకాయనను సంస్కారం ఇవ్వకుండా నిలిపారు. రెండు సంస్కారాలప్పుడు వెనక కూర్చుని, మూడోదానికి తప్పయిందని చెప్పుకుని, ఆయన మళ్ళీ ముందుకొచ్చాడు. అందుకే నిలపడమంటే నాకు అంత భయం ఉండేది కాదు.

మా వాడలో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్లను నేను. ఆపైన టీచరు ట్రైనింగు కూడా అయ్యింది. ఉద్యోగానికి అప్లికేషను పెట్టాలంటే కులం సర్టిఫికెట్టు కావాలన్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే సంగతి ఇది. మేం హిందువులమని రాస్తే ఎస్సీ, క్రైస్తవులమని రాస్తే కాదు. వాడ అదే, కూలి అదే, రెడ్ల ఇంటి ముందర చెప్పులు విడిచేదీ అదే. కాగితం మీద మాత్రం ఒక మాటతో ఉద్యోగం వస్తుంది, ఒక మాటతో పోతుంది. నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాయన, మామను అడుగుదాం పద అన్నాడు.

మామ మా మాట విని నవ్వాడు. ఆయన అన్న మాట ఈనాటికీ చెవిలో ఉంది.

"కాయిదం గవర్మెంటుకు పాపా, నమ్మకం దేవునికి. గవర్మెంటు అడిగిన మాట గవర్మెంటుకు చెప్పు, దేవుడు అడిగినప్పుడు దేవునికి చెప్పుకుందువులే. నేను వస్తా పద కరణం తావుకి."

మేం ముగ్గురం కలిసి కరణం ఇంటికి పోయాం. ఆదివారం ఆదివారం మేం ఎక్కడికి పోతామో కరణానికి తెలుసు. ఆయన మామ వంక ఒకసారి చూసి, ఏమీ అడగకుండా రిపోర్టు రాశాడు. మతం అన్న చోట హిందూ అని పడింది. కింద నా సంతకం. నేను సంతకం పెడుతుంటే మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. అదే నెలలో తహశీల్దారు సంతకం అయ్యింది. ఆ వరసలో మా వాడలో నా తర్వాత నలుగురైదుగురు, నాకు ముందు ఇద్దరు అదే కాగితం తీసుకున్నారు. అందరికీ దారి చూపింది మామే. దాన్ని మేం ఎవరమూ రహస్యం అనుకోలేదు, బయట మాట్లాడుకోలేదు, అంతే.

నాకు యాడికి అనే ఊరి దగ్గర ఒక చిన్న పల్లెలో ఉద్యోగం వచ్చింది. రెండు బస్సులు మారి రావాలి కాబట్టి నెలకొకసారి, అదీ సంస్కారం ఉన్న నెలలో తప్పకుండా, ఊరికి వచ్చేదాన్ని. శనివారం సాయంత్రానికి వచ్చి అమ్మతో కలిసి ద్రాక్షలు పిసికేదాన్ని.

ఎనభైల మొదట్లో పాత పాస్టరుగారు బదిలీ అయిపోయి కొత్తాయన వచ్చారు. వేరే జిల్లా మనిషి, మాటలో ఎక్కడా మెత్తదనం లేదు. వచ్చిన కొత్తలోనే ఎవరో ఆయనకు పేరు లేని ఉత్తరం రాశారట, ఈ సంఘంలో సగం మంది దొంగ కాగితాల వాళ్ళని. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. ఎండాకాలం, పొద్దున తొమ్మిదికే బండలు కాలుతున్నాయి. మా ఆరాధనలో రొట్టె విరిచే ముందు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవడం ఒకటుంది. పాస్టరుగారు మొదలుపెట్టి ఒకరి అరచేతులు ఒకరు పట్టుకుంటూ చివరి మనిషి దాకా పోవాలి. ఆ రోజు ఆడవాళ్ళ వరసకు సమాధానం తెచ్చింది మామే. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, సమాధానము కలుగును గాక అన్నాడు. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి. అంత ఎండలో అట్లా ఎందుకున్నాయో అప్పుడు నేను ఆలోచించలేదు.

నేను పోయి నాయన పక్కన మోకాళ్ళూనాను. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాను. పాస్టరుగారు నాయన చేతిలో ముక్క పెట్టారు. నా ముందుకు వచ్చారు. నేను తల వంచుకుని ఉన్నాను కాబట్టి ఆయన తెల్ల అంగీ అంచు మాత్రమే కనబడింది. ఆ అంచు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా పక్కనున్న ముసలామె ముందుకు పోయింది. నన్ను మరిచిపోయారనుకున్నాను. చేతులు అట్లాగే పట్టుకుని ఉన్నాను. వెనకే ద్రాక్షారసం గిన్నె వచ్చింది. గిన్నె కూడా దాటిపోయింది. అప్పుడు తలెత్తాను. గిన్నె మోస్తున్నది మామ. ఆయన నా వంక చూడలేదు.

ఆ వరసలో ఎంత మంది ఉన్నారో అందరూ చూశారు. వెనకున్న పిల్లలూ చూశారు. లేచి నా చోటుకు పోయాను. ఆ వరసలోనే నా కాగితం లాంటి కాగితమున్న వాళ్ళు ఇద్దరు రొట్టె నములుతూ ఉన్నారు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు పక్క గదిలోకి నన్నూ నాయననూ పిలిచారు. మామ అప్పటికే అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నువ్వు ప్రభుత్వానికి హిందువునని రాసిచ్చావా అని పాస్టరుగారు అడిగారు. రాసిచ్చానన్నాను. మనుషుల ముందర నన్ను ఎరగనన్నవాడిని నా తండ్రి ముందర నేనూ ఎరగనంటాను అని ప్రభువు చెప్పిన మాట చదవలేదా అన్నారు. చదివానన్నాను. అట్లా రాయమని నీకెవరైనా చెప్పారా అని అడిగారు.

నేను మామ వంక చూశాను. మామే చెప్తాడనుకున్నాను. ఆయన చెప్పాడు.

"నేను అప్పుడే వద్దంటిని అయ్యగారూ. వినుకోలేదు."

గది చిన్నది. ఆయన గొంతు పెద్దగా ఏమీ లేదు. అయినా ఆ మాట నాకు దూరం నుంచి వచ్చినట్టు వినబడింది. నేను నాయన వంక చూశాను. కరణం ఇంటికి ముగ్గురం కలిసి పోయాం కదా, నాయన అక్కడే ఉన్నాడు కదా. నాయన తన తలగుడ్డను చేతుల్లో మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు. ఆయన నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. ఎందుకు తెరవలేదని చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. అబద్ధం ఆడుతున్నది వేరే ఎవరైనా అయితే గట్టిగా మాట్లాడేదాన్నేమో. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి అబద్ధమాడుతుంటే నా నాలుక కదల్లేదు. సంఘం ముందర నిలబడి తప్పు ఒప్పుకునేదాకా నువ్వు ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు అని పాస్టరుగారు చెప్పేశారు.

ఇంటికి వచ్చాక నాయనను అడిగాను. నన్ను దాటిపోయారని తెలిసి నువ్వెట్లా మింగినావని. 

"నోట్లో పెట్టుకునింది ఉమ్మేకి లేదు గదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత కూడా ప్రతి రెండు నెలలకూ ఆయన పోయి మోకాళ్ళూనేవాడు, తీసుకునేవాడు. గదిలో ఎందుకు మాట్లాడలేదో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ మాత్రం ఆ సోమవారమే ద్రాక్షలు కాచే గిన్నె తోమి, మామ పెళ్ళాం చేతికిచ్చి వచ్చింది. ఇంక నాతో కాదని చెప్పిందట. సంస్కారం రోజున మోకాళ్ళు నొప్పులని చాప మీదే కూర్చుండిపోయేదట. చేలో పొద్దస్తమానం వంగి కలుపు తీసే మోకాళ్ళు అవి.

తరువాతి నెలలో నేను మామ ఇంటికి పోయి నిలదీశాను. ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు. గడప దగ్గరే నిలబడి తక్కువ గొంతుతో చెప్పాడు. ఆ ఉత్తరం చూపించి పాస్టరుగారు పేర్లు అడిగారట, ఒక పేరన్నా చెప్పకపోతే తనను తీసేసేవాళ్ళట. ఊళ్ళో ఉన్నవాళ్ళ పేర్లు చెప్తే ఊళ్ళో బతకనివ్వరట.

"నువ్వు యాడికిలో ఉంటివి. నీకు గవర్మెంటు జీతం ఉండాది. నాకీ గుడి తప్పితే ఏముండాది పాపా?"

నాకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఎవరిని ఇచ్చేస్తే గొడవ ఉండదో ఆయన కూర్చుని ఆలోచించాడు, నా పేరు తేలింది. అది అర్థమయ్యాక ఆ గడప ముందర నిలబడడానికి కూడా సిగ్గేసింది.

నేను సంఘం ముందర నిలబడలేదు. తప్పు చేయలేదని కాదు. ఆ సంతకం నాదే, దాని గురించి దేవుడితో నాకున్న లెక్క నాది. కానీ నిలబడి ఒప్పుకుంటే మామ చెప్పింది నిజమని కూడా ఒప్పుకున్నట్టవుతుంది. ఆ ఒక్కటీ నావల్ల కాలేదు. నా పెళ్ళి గుడిలో జరగలేదు. తాడిపత్రి రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరు తోటి టీచర్ల సంతకాలతో అయ్యింది. అమ్మ ఆ రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది గానీ, ప్రార్థన చేసేవాళ్ళు లేని పెళ్ళిలో ఎక్కడ నిలబడాలో తెలియక బెంచీ అంచున కూర్చుంది.

పెళ్ళయిన మూడేళ్ళకు ఒక మధ్యాహ్నం బడి వదిలి వచ్చేసరికి మా ఇంటి అరుగు మీద మామ కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన చిన్న కూతురు. నేను ఊళ్ళో ఉన్నప్పుడు నా వెంట తిరిగిన పిల్ల. ట్రైనింగు అయ్యిందట. చేతిలో అప్లికేషను ఉంది. కరణాలను తీసేశారు కాబట్టి ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో, ఎట్లా రాయాలో తెలియక వచ్చానన్నాడు. నేను నీళ్ళు ఇచ్చాను. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, నేను అడగకుండానే చెప్పాడు.

"నీకు చేసిన అన్యాయం నాకు తెలుసు. వచ్చే సంస్కారం నాడు అందరి ముందర లేసి చెప్తా, ఆ యమ్మికి నేనే చెప్పినానని. నా బిడ్డ మీద ఒట్టు."

నేను నమ్మాను. ఎందుకు నమ్మావంటే ఏం చెప్పను, నమ్మాలని ఉండింది. ఆ పిల్ల తల వంచుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది, ఆమె ఏం పాపం చేసింది? అప్లికేషను నేనే నింపాను. రెండు రోజులు సెలవు పెట్టి ఆఫీసుకు వెంట పోయాను. పని అయ్యింది.

ఆ సంస్కారం నాటికి ఊరికి వచ్చాను. నాలుగేళ్ళ తర్వాత గుడి లోపల అడుగు పెట్టడం. వెనక చాప మీద కూర్చున్నాను. మామ వాక్యం చదివాడు. ప్రకటనలు చదివాడు, ఫలానా వారింట ప్రార్థన కూడిక, ఫలానా రోజు గుడి కప్పు బాగు చేయడం. పుస్తకం మూశాడు. ఇప్పుడు చెప్తాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పాట నంబరు చెప్పాడు. పాట సాగుతుంటే జనం లేచి ముందుకు పోయారు. ఆయన కూతురు నా పక్కనుంచే నడిచి పోయింది, మోకాళ్ళూనింది, చేతులు ఎత్తింది. పాస్టరుగారు ఆమె చేతిలో రొట్టె పెట్టారు. నేను పాట పూర్తి కాకముందే లేచి బస్సు స్టాపుకు నడిచాను.

మొదటిసారి అయిన గాయం కన్నా ఇది లోతుగా దిగింది. మొదటిసారి ఆయనకు భయమన్నా ఉండింది. ఈసారి ఎవరూ ఆయన్ను అడగలేదు, బెదిరించలేదు. తనంతట తానే వచ్చి, నా అరుగు మీద కూర్చుని మాటిచ్చి, పని అయ్యాక తనంతట తానే మరిచిపోయాడు.

ఎనభైల చివర్లో నాయన పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. నేను సెలవు పెట్టి వచ్చి ఉన్నాను. అప్పటికి పాస్టరుగారు మళ్ళీ మారారు. కొత్తగా వచ్చినాయన కుర్రవాడు, సువేగా మోపెడ్డు మీద వచ్చేవాడు. నాయనకు ఇంట్లోనే సంస్కారం ఇవ్వడానికి ఒక ఉదయం వచ్చాడు. ముక్కను రసంలో ముంచి నాయన పెదవుల మధ్య పెట్టి, తర్వాత అమ్మ వైపు తిరిగాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. నా వైపు తిరిగాడు. నేను వెనక్కి జరిగి, నన్ను నిలిపారు అయ్యగారూ అన్నాను.

ఎప్పుడు, ఎందుకు అని ఆయన అడిగాడు. చెప్పాను. మామ పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని నాయన చేశాడు. వంకరపోయిన నోటితో, ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటూ, ఆ పొద్దు కరణం తావుకి పిల్చుకోని పోయింది ఉపదేశే అయ్యా, నేనూ ఉంటిని అన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, నోరు సరిగ్గా తిరగనప్పుడు. నేను గోడ వైపు తిరిగి కొంగుతో మొహం అదుముకున్నాను.

మరునాడు ఆ పాస్టరు సంఘం పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎవరినైనా నిలిపితే అందులో కమిటీ తీర్మానంగా రాయాలట, సంస్కారం తీసుకునే వాళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేయాలట. ఆయన ఒక్కొక్క ఏటి పేజీ తిప్పి చూపించాడు. తీర్మానం లేదు. అప్పటి పాస్టరు నోటి మాటగా అన్నదే తప్ప ఎక్కడా రాయలేదు. జాబితాలో ప్రతి ఏడూ నా పేరు ఉంది. పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పాతాయన బదిలీ అయి పోయి కూడా అప్పటికి రెండేళ్ళు. మిమ్మల్ని ఎవరూ నిలపలేదమ్మా అన్నాడు పాస్టరు. ఆ చేతిరాత నాకు తెలుసు. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించిన రాత అది. ఆ పుస్తకం రాసేదీ, బీరువాలో దాచేదీ మామే.

సాయంత్రం ఆయన ఇంటికి పోయాను. కళ్ళల్లో పొర కమ్మి మనుషులను గొంతు బట్టి గుర్తుపడుతున్నాడు. పుస్తకం చూశానని చెప్పాను. ఆయన కాసేపు తడుముకున్నట్టు చేతులు కదిలించాడు.

"కొట్టేసేకి చెయ్యి రాలేదు పాపా."

"చెప్పేకి నోరు గూడా రాలేదా మామా?"

నువ్వు అడగలేదు గదా అన్నాడు. నేను వచ్చేశాను. ఏటేటా నా పేరు రాసింది నా మీద ప్రేమతోనా, కొట్టేస్తే ఎందుకని ఎవరైనా ఆరా తీస్తారన్న భయంతోనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ ఉండవచ్చు. ఒక్కటి మాత్రం తెలుసు. వెనక చాప మీద నేను కూర్చున్న ఆ ఆదివారం, పుస్తకం ప్రకారం నేను ముందుకు పోవచ్చునని ఆ గుడిలో తెలిసిన మనిషి ఆయనొక్కడే.

నాయన ఆ నెలలోనే పోయాడు. మామ సమాధి దగ్గరికి వచ్చి, ఒకరి చెయ్యి పట్టుకుని నిలబడి ప్రార్థన చేశాడు. నేను ఆమెన్ అన్నాను, అందరూ అన్నారు కాబట్టి. తరువాతి సంస్కారానికి నేనూ అమ్మా కలిసి ముందుకు పోయాం. అమ్మ మోకాళ్ళు ఆ రోజు నొప్పి పెట్టలేదు. ఆ కుర్ర పాస్టరు నా చేతిలో ముక్క పెట్టాడు. నోట్లో పెట్టుకున్నాను, నమిలాను, మింగాను. ఏదో శాంతి దిగుతుందని ఎనిమిదేళ్ళు అనుకున్నాను. ఎండిన రొట్టె గొంతుకు అడ్డం పడితే దగ్గు వచ్చింది, అంతే.

ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే గుడిలో తీసుకుంటున్నాను. ఎవరూ ఏమీ అడగరు. అయినా అందరిలాగా తల వంచుకుని చేతులు చాచడం మాత్రం నాకు మళ్ళీ రాలేదు. పళ్ళెం పట్టుకుని వచ్చే మనిషి మొహం వైపు, ఆగుతాడా దాటిపోతాడా అని, చూస్తూనే ఉంటాను.